వార్నిషు పూసిన చేపల చట్టి

ఫ్రెంచివారి జెండా దిగిపోయి, అప్పగింత కాగితాలు మాత్రం ఇంకా పూర్తికాని ఆ సంవత్సరాలలో, పుదుచ్చేరికి కొత్త అధికారులతోపాటు కొత్త కళాభిమానం కూడా దిగుమతి అయింది. ఆంధ్ర ప్రాంతం నుంచి బదిలీపై వచ్చిన మా కార్యాలయపు పెద్ద ఒక కళాసమితిని స్థాపించి, తానే అధ్యక్షుడై, గుమస్తాలందరినీ సభ్యులను చేశారు. మా వంశంలో మొదటి పట్టభద్రుడినైన నేను కార్యదర్శినయ్యాను. అంటే కుర్చీలు వేయించేవాడిని.

మొదటి ప్రదర్శన, అమెరికా నైరుతి దిక్కున ఒకప్పుడు స్పెయిన్ రాజులు ఏలిన ఎడారి సీమల కళ గురించి. వచ్చినవి కళాఖండాలు కావు, వాటి ఫోటోలు: కొయ్యతో చెక్కి రంగులద్దిన క్రైస్తవ పునీతుల బొమ్మలు, మెక్సికో నుంచి బండ్లమీద తరలివచ్చిన నీలి తెలుపు పింగాణీ పళ్లేలు, అభ్రకం మెరిసే మట్టితో చేసిన వంటకుండలు. దొరల పళ్లేలు బీరువాలకెక్కినా చిక్కుడుగింజలు ఉడికే ఈ కుండలు పొయ్యి దిగలేదనీ, అందుకే ఆ కళ బతికిందనీ కింద రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను తెలుగు చేశాను. అధ్యక్షులవారు కంఠస్థం చేశారు. అర్థం చేసుకోవడానికి మాత్రం వారికి తీరిక దొరకలేదు.

"మన ఊరి కుండ ఒకటి పక్కన పెట్టాలోయ్. బాగా పాతది, నల్లబడ్డది చూడు" అన్నారు.

ఒర్లియంపేటలో మా యింట అటువంటిది ఒక్కటే ఉండేది: అమ్మ చేపల చట్టి. నాయనమ్మ దానిని బియ్యం కడుగునీళ్లలో నానబెట్టి, గంజి కాచి, పదును చేసి అమ్మకు అప్పగించింది. అందులో చేప తప్ప మరొకటి ఉడకరాదు. పీచుతో తుడవడమే గాని సోడా తగలరాదు. మరునాడు మూత తీస్తే ఆ పులుసు వాసనకు వీథి వీథంతా గిన్నెలు పట్టుకొని వచ్చేది. అమ్మకున్న పేరంతా ఆ చట్టిలోనే ఉంది.

"యాడికిరా దాన్ని? పొయ్యి మింద ఉండేదాన్ని జూసేదానికి ఆడికి మనుషులు వస్తారా?" అన్నది అమ్మ.

"రెండు రోజులేనమ్మా."

"కడగనీయొద్దు. ఆదివారం మీ నాయన తేంగాయితిట్టు నుంచి వంజరం చేప తెస్తాడు. అప్పటికి చట్టి ఇంట్లో ఉండాల."

అధ్యక్షులవారు చట్టిని పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొన్నారు. "ఆహా, ఏం నలుపోయ్! ఇందులో ఏం వండుతారు, పప్పుచారా?"

"చేపలండి."

చట్టిని బల్లమీద పెట్టిన వేగం చూస్తే అది చేయి కాల్చిందనుకోవాలి. "ముందే చెప్పొద్దుటయ్యా!" అంటూ వెళ్లి చేతులు కడుక్కొని వచ్చారు. కడగవద్దన్న అమ్మ మాట నేను విన్నవించాను. "అలాగేలే" అన్నారు. మరునాడు నేను ఆహ్వానాలు పంచి వచ్చేసరికి చట్టిని సోడానీళ్లలో ఉడికించి, బీరువా తలుపులకని కొన్న వార్నిషును లోపలా వెలుపలా పూయించి, ఎండకు పెట్టించారు.

"వాసనా పోయింది, అందమూ వచ్చింది" అన్నారు.

ఆదివారం ప్రారంభోత్సవం. పొయ్యి దిగని కుండల వాక్యాన్ని వారు గద్గదస్వరంతో అప్పజెప్పారు. పొయ్యి మొహం చూడని పెద్దమనుషులు తలలూపారు. అంతలో, వంజరం ఇల్లు చేరిందని, చట్టి కోసం అమ్మ వచ్చింది.

"ఏందిరా ఇది? చెప్పుకి పాలిష్ ఏసినట్టు ఏసినారు?"

"మీదేనా అమ్మా? ఎలా మెరుస్తోందో చూడండి! ఇంక నూరేళ్లుంటుంది" అన్నారు అధ్యక్షులవారు.

"ఉండి ఏం జేస్తాది సామీ? పొయ్యెక్కదే."

"పాపం, దాని విలువ తెలియదు" అని పట్టుచీర కట్టిన ఒకావిడ పక్కావిడతో అని, కాఫీ బల్ల వైపు నడిచింది.

అమ్మ చట్టిలోకి తల వంచి వాసన చూసింది. "నీసు పూరా పోయింది. ఇంక మీకే పనికొస్తాది, పెట్టుకోండి సామీ."

అధ్యక్షులవారు దానిని విరాళంగా ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ వంజరం అల్యూమినియం గిన్నెలో ఉడికింది. అలవాటుగా గిన్నె పట్టుకొని వచ్చిన పక్కింటావిడ ఒక చుక్క నాలుకపై వేసుకొని, "ఏంది వదినా, నువ్వు చేసిందేనా ఇది?" అన్నది. అమ్మ దారిలో కొన్న కొత్త చట్టిని ముందుకు లాక్కొని, అందులో బియ్యం కడుగునీళ్లు పోసింది.

పాత చట్టి అధ్యక్షులవారి గదిలో సందర్శకుల చీటీలు మోస్తూ చాలాకాలం మెరిసింది. కొత్తదానిలో పులుసు మాత్రం మట్టివాసన వేస్తూనే ఉండేది. గిన్నెలతో వచ్చేవారు ఒక్కొక్కరే మానుకొన్నారు.

"ఏందిరా, నువ్వుకూడా తినవా?" అనేది అమ్మ.

తినేవాడిని.