బాన్సువాడ సంతలో దొరికిన ఇంజను బోల్టు

యుద్ధం ముగిశాక మిలటరీ వాళ్లు పాత మోటారు సైకిళ్లను వేలం వేస్తుంటే మా బావా నేనూ కలిసి ఒకటి పాడుకున్నాం. గుంటూరు వైపు నుంచి వచ్చి వర్ని దగ్గర కాలువ కింద భూములు చేసుకుంటున్న కుటుంబం మాది. బండి కొన్న నెలకే బోధన్‌లో చెరకు తోటలు తిరిగి చూసే ఉద్యోగం ఉందని తెలిసింది. సొంత మోటారు బండి ఉన్నవాడికే ఇస్తారట. శనివారం ఉదయం బండితో సహా రమ్మన్నారు. బుధవారం సాయంత్రం కాలువ గట్టు మీద గుంతలో పడ్డప్పుడు, ఇంజనును చట్రానికి పట్టి ఉంచే జానెడు బోల్టు రెండు ముక్కలైంది. ఇంజను స్టార్టు చేస్తే బండంతా జ్వరం వచ్చినట్టు వణికింది. బావ దాన్ని చూసి, నిజామాబాదు దాకా వెళ్లేంత వ్యవధి లేదు, రేపు బాన్సువాడ సంత, అక్కడ దొరికితే దొరికినట్టు అన్నాడు. తెగిన ముక్కల్నీ, వాటి నట్టునూ రుమాల్లో మూట కట్టుకుని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

వర్నిలో మొదటి బస్సు ఏడింటికి. టిక్కెట్టు ఆరణాలు. దారి పొడవునా కంకర లేచి ఉంది కాబట్టి పన్నెండు మైళ్లకు గంటన్నర పట్టింది. వెనక సీట్లో కూర్చోవద్దు, తల పైకప్పుకు తగులుతుంది. డ్రైవరుకు నా పని చెబితే, సంత మొదట్లోనే ఇనుప సామాను కొట్టు ఉందనీ, చాంద్ సాబ్ అనే పెద్దాయన నడుపుతాడనీ, ఆయన లేదంటే ఇక ఈ చుట్టుపక్కల లేనట్టేననీ చెప్పాడు. దిగగానే ఒక అణాకు చాయ్ తాగి, పరుగులాంటి నడకతో అక్కడికి చేరాను.

చాంద్ సాబ్ మూడు డబ్బాల బోల్టులు గోనెపట్టా మీద గుమ్మరించాడు. నాగలివీ, బండి చక్రాలవీ, తలుపులవీ. నా నట్టు తీసుకుని ఒక్కొక్కదానికీ ఎక్కించి చూశాడు. కొన్నిటికి లావు సరిపోయింది గానీ నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. మర వేరు. "చుడీ కలుస్తలేదు బేటా. గిది విలాయతు బండిది. బలవంతం చేస్తే నట్టు గూడ ఖరాబైతది" అని దాన్ని భద్రంగా నా చేతిలో పెట్టాడు. పది దాటింది. చేతిలో ఉన్నది శుక్రవారం ఒక్కటే. ఉసూరుమంటూ బయటికొచ్చి, ఇంటికి మిరపకాయలైనా తీసుకుపోదామని సంతలోకి నడిచాను.

ఎండు మిరపకాయల రాశి వెనక ఒక తాండా ఆవిడ కూర్చుని ఉంది. పేరు సక్రుబాయి అని తర్వాత తెలిసింది. నా ముందున్న మనిషికి తక్కెడ ఎత్తి తూచుతోంది. ఒక తట్టలో మిరపకాయలు, రెండో తట్టలో రాయికి బదులు పొడవాటి బోల్టు. అదే పొడవు, అదే ఆరుమూలల తల. కొనుగోలుదారు వెళ్లేదాకా ఆగి, ఒక్కసారి చూస్తానని అడిగాను. ఆమె అనుమానంగానే ఇచ్చింది. నా నట్టు పెట్టి వేలితో తిప్పాను. నూనె రాసినట్టు చివరిదాకా జారిపోయింది.

మిలటరీ మోటారు సైకిలుకు కావాలని చెప్పి, ఎంతైనా ఇస్తానన్నాను. ఆమె చేయి చాచి బోల్టు తిరిగి తీసుకుంది. "పైసల ముచ్చట కాదు తమ్మీ. గిది నా అద్దపావు తూకం రాయి. మా అన్న మిలటరీ లారీల షెడ్డుల చేసినప్పుడు తెచ్చిచ్చిండు. గింత మంచిగ తూగే రాయి మల్ల ఏడ దొరుకుతది? తూకం తప్పితే ఇగ నా తాన ఎవరు కొంటరు?"

సరిగ్గా అంతే బరువు ఇంకొకటి చేయించి ఇస్తే సరేనా అని అడిగాను. ఆమె ఆలోచించి, తన కళ్ల ముందు చేయించాలంది. పక్కావిడను రాశి చూస్తుండమని చెప్పి, తక్కెడ భుజాన వేసుకుని నాతో కొట్టుకు వచ్చింది. చాంద్ సాబ్‌కు సంగతి చెబితే పెద్దగా నవ్వి, చేతిలో పనులన్నీ పక్కన పెట్టాడు. రెండు నాటు బోల్టులు కలిపి తీగ చుట్టి, ఆమె బోల్టుకు ఎదురు తట్టలో పెట్టాడు. తక్కువైంది. ఒక వాషరు చేర్చాడు. ఈసారి వెంట్రుకవాసి ఎక్కువైంది. చాలులే అన్నాడాయన. సక్రుబాయి ఒప్పుకోలేదు.

"జర ఎక్కువుంటే నాకు నష్టం, తక్కువుంటే కొనేటోళ్లకు నష్టం. సమానం చెయ్యి సాబ్."

ఆయన ఆకురాయి తీసి రాపిడి పెట్టాడు. తూచడం, అరగదీయడం, మళ్లీ తూచడం. దారినపోయే నలుగురూ ఆగి, ముల్లు ఎటు వాలుతుందా అని ఊపిరి బిగబట్టి చూశారు. అయిదోసారి ముల్లు నిలువుగా నిలిచింది. ఆమె తట్టల్లోవి అటుదిటూ ఇటుదటూ మార్చి మరోసారి చూసి, అప్పుడు ఆ బోల్టు నాకిచ్చింది. కొత్త రాయికీ కూలికీ చాంద్ సాబ్‌కు పన్నెండణాలు ఇచ్చాను. సక్రుబాయి ఒక్క కానీ కూడా తీసుకోలేదు. ఆమె అడిగింది ఒకటే: "మా అన్న కాలు ఇరిగి ఏడాదాయె, మంచంలనే ఉంటుండు. గసొంటి బండ్లు మస్తుగ బాగుచేసిండు. ఒక్కసారి సప్పుడు ఇనిపియ్యి తమ్మీ."

మధ్యాహ్నం రెండింటి బస్సుకు వర్ని చేరాను. దీపాలు పెట్టేలోపు బావా నేనూ బోల్టు ఎక్కించాం. పానాతో ఆఖరి చుట్టు బిగించి కిక్కు కొడితే ఇంజను గుండ్రంగా, నిండుగా మోగింది. ఎప్పుడూ ఆ బండిని తిట్టే అక్క కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. శనివారం ఆ ఉద్యోగం కోసం బోధన్‌కు మొత్తం ముగ్గురం బయల్దేరాం. ఒకరి బండి వంతెన దగ్గరే ఆగిపోయింది. మిగిలిన ఇద్దరిలో ఉద్యోగం నాకే దక్కింది.

ఆ మరుసటి ఆదివారం బిచ్కుంద దారిలో ఉన్న వాళ్ల తాండాకు వెళ్లాను. నేనింకా మలుపు తిరగకముందే సక్రుబాయి అన్న చప్పుడు విని, మంచం బయట వేయమన్నాడట. ఇంజను ఆపకుండా దగ్గరికి తెమ్మని చేయి ఊపాడు. పెట్రోలు ట్యాంకు మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత కార్బురేటర్ మీది ఒక స్క్రూను పావు చుట్టు వదులు చేయించాడు. మోత ఇంకా తేటపడింది. బోల్టు కోసం వెళ్లినవాణ్ని, ఈ ముప్పై మైళ్లలో ఇంజను గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషిని సంపాదించుకున్నాను. ఇప్పుడు నెలకోసారి ఆయన మంచం పక్కనే నా బండి విప్పుతాం. ఆయన చెబుతాడు, నేను చేస్తాను. వచ్చే నెల నుంచి ఇంకో ఇద్దరు బండ్లు తెస్తామన్నారు.

ఈ మట్టి దారుల్లో బండి నడిపేవాళ్లకు ఆయన నాకు చెప్పిన మాటే చెబుతున్నాను. కొత్త బోల్టు బిగించాక నాలుగు మైళ్లు పోయి ఆగండి, ఇంజను చల్లబడనిచ్చి మళ్లీ పానా వేయండి. ఇంట్లో ఎంత గట్టిగా బిగించినా, అక్కడ ఇంకో అర చుట్టు తిరుగుతుంది.