కంప చాటు

కనగానపల్లి బీళ్ళలో గొర్రెలు కాసే పోతులయ్య, కుక్కపిల్లలను గొర్రెపిల్లల మధ్యనే పెంచుతాడు. గొర్రెపిల్లను కరిచినదాన్ని చంకనెత్తుకుని, తల నిమురుతూ ముళ్ళకంప చాటుకు పోతాడు. ఒట్టి చేతులతో తిరిగొస్తాడు. ఐదింట్లో ఒకటి మిగులుతుంది. ఒకసారి ధర్మవరం పశువుల డాక్టరు, కోసిన గొర్రెపిల్ల గుండె పైనున్న తెల్లటి మెత్తని గ్రంథిని చూపించాడు. "ఒంటిని కాచే కణాలు ఇందులో తయారవుతాయి. సొంత ఒంటినే కరిచేవి ఇక్కడే చస్తాయంటున్నారు. బయటికొచ్చేవి కొన్నే." పోతులయ్య నవ్వాడు. "అయితే నా దొడ్డి దీని గుండె మీదే ఉండాదే సారూ!"

ఆ ఏడే అతను జ్వరంతో నెలరోజులు ఆసుపత్రిలో ఉండి, బోడిగుండుతో, మందుల వాసనతో ఇల్లు చేరాడు. దొడ్డి వాకిట్లో, అలా మిగిలిన కుక్కే అతని చేయి కరిచింది. భార్య కదిరమ్మ కట్టె ఎత్తింది. "సాకినోన్నే కరిచె! దీన్నీ కంప చాటుకు తీసకపో." పోతులయ్య రక్తం కారే చేతిని చాలాసేపు వాసన చూసుకున్నాడు. "దాని తప్పేముండాది మే? ఈ వాసన నాది గాదు." పొద్దు వాలినా దొడ్డిలోకి రాలేదు. ఇన్నేళ్ళూ తాను ఒట్టి చేతులతో తిరిగొచ్చిన ఆ కంప చాటునే, కుక్క వచ్చి వాసన చూసి తనను గుర్తుపట్టేదాకా కూర్చున్నాడు.