మాత్రల డబ్బా యాడ పెడతారు?

బళ్ళారి గాంధీనగర్‌లో అర్పిత అనే పళ్ళ డాక్టరు దగ్గర దుర్గక్క పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పేరు రాసుకుని, వరసలో కూర్చోబెట్టి, లోపలికి పంపడమే ఆమె పని అని అందరూ అనుకుంటారు. అసలు పని వేరే ఉంది. జనం చేత నిజం చెప్పించాలి. అంతకన్నా పన్ను పీకడమే సులువు.

మన జనానికి జబ్బు ఉందని ఒప్పుకోవడమంటే నామోషీ. రోజూ బీపీ మాత్ర మింగుతూనే బీపీ లేదంటారు. మాత్ర వేసుకుంటున్నాక ఇంకా జబ్బేమిటని వాళ్ళ వాదన. మూడేళ్ళ కిందట కాలువ కింద వరి పండించే వెంకటరత్నం గారు పన్ను తీయించుకోవడానికి వచ్చారు. జబ్బులేమైనా ఉన్నాయా అని దుర్గక్క అడిగితే, "నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉంటేనూ!" అన్నారు. ఆమె జబ్బుల కాగితంలో అన్ని గళ్ళలోనూ 'లేదు' అని రాసేసింది. మధ్యాహ్నం పన్ను తీస్తే, కారే రక్తం దీపాలు పెట్టే వేళకు గానీ ఆగలేదు. గుండెకు స్టెంటు వేశారట, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మింగుతున్నారట. అప్పుడు చెప్పాడు మహానుభావుడు! ఆయన తేరుకుని ఇంటికి పోయాడు గానీ, దుర్గక్కకు వారం రోజులు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే ఆమెకు కొత్త ప్రశ్న తట్టింది. అప్పటినుంచీ జబ్బు ఉందా అని అడగదు. కుశలం అడిగినట్టు, "మీ మాత్రల డబ్బా యాడ పెడతారప్పా?" అంటుంది. దేవుడి గూట్లో అని ఒకరు, బియ్యం డబ్బా మీద అని ఇంకొకరు చెప్పేస్తారు. ఆ తర్వాత కావాలన్నా దాచలేరు.

మొన్న ఒకరోజు, బజారులో బట్టల కొట్టున్న శారదమ్మ తనకే జబ్బూ లేదని భీష్మించుకుంది. ఆ ప్రశ్న పడగానే "చీరల బీరువాలో" అనేసి నాలుక కరుచుకుంది. అందరిముందూ గుట్టు బయటపడిందని ఆమె ఉడుక్కుంటూ కూర్చున్నప్పుడే, బుగ్గ వాచిపోయి దుర్గక్క మొగుడు తాయప్ప వచ్చాడు. తారానగర్ వైపు గనుల నుంచి ఇనుప రాయి తోలే టిప్పర్ డ్రైవరు. నాలుగు రోజులుగా పంటి నొప్పితో నిద్రలేదు. డాక్టరు చూసి, ఈరోజే తీసేద్దామంది.

దుర్గక్క కాగితం లాక్కుని, తలైనా ఎత్తకుండా గళ్ళన్నిటిలో 'లేదు' అని రాసుకుపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన గురించి తనకు తెలియనిదేముంది?

శారదమ్మ చూస్తూ ఊరుకుంటుందా? "ఏంది దుర్గక్కా, నా గుట్టంతా లాగితివి. మీ ఆయప్పను అడగవా?" అంది. కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. దుర్గక్క కూడా నవ్వి, అందరినీ అడిగే గొంతుతోనే, "నీ మాత్రల డబ్బా యాడ పెడతావప్పా?" అంది.

తాయప్ప నవ్వలేదు. తలుపు వైపు చూశాడు.

"టిప్పర్లో," అన్నాడు. "సీటు కింద."

దుర్గక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. ఉగాదికి ముందు గుండెలో నొప్పి వస్తే ఒక్కడే పోయి చూపించుకున్నాడట. రక్తం పలచబడే మాత్రలు రాసిచ్చారట.

"నీకు చెప్తే బండి ఎక్కనిస్తావా? బండి దిగితే ఈ వయసులో నన్నెవురు పనికి పెట్టుకుంటారు? అందుకే సుమ్నె, నోరు మూసుకుని ఉండిపోతి."

"నాకు గూడా చెప్పకుండా ఎట్ల ఉండావు?"

"నువ్వెప్పుడన్నా అడిగితివా?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆమెకు ఇంకా గుచ్చుకుంది. ఊళ్ళో వాళ్ళ డబ్బాలన్నీ ఎక్కడున్నాయో తనకు తెలుసు. మూడేళ్ళ కిందటి రక్తం కళ్ళముందు కదిలింది.

"ఈరోజు పన్ను తీయను," అంది డాక్టరు. "మాత్రలు మాత్రం మానొద్దు. మీ గుండె డాక్టరుతో మాట్లాడాకే తీద్దాం." నొప్పికీ వాపుకీ ఆయనకు పడే మందులు రాసిచ్చింది. దుర్గక్క కాగితంలో తన 'లేదు'లు కొట్టేసి, ఒక్కో ప్రశ్నా ఆయన్నే అడిగి మళ్ళీ రాసింది.

సాయంత్రం తాయప్ప డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇది యాడ పెట్టమంటావు?"

దుర్గక్క కాఫీపొడి డబ్బా పక్కకు జరిపింది.

"ఈడ పెట్టు. పొద్దున లేస్తానే నాకు కనపడాల. రేపు గుండె డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదాం. ఆయప్ప సరే అనేదాకా బండెక్కేది లేదు."

తాయప్ప డబ్బా అక్కడ పెట్టాడు.