ఇల్కా కుట్టిన ఐదో ఇస్తారాకు

దయ్యాలున్నయని నా ముందట ఎవరన్నా అంటే కొట్లాటకు దిగేటోన్ని. నాలుగో తరగతితోనే నా బడి బందయింది. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదువుకున్నదే. పొట్లాల కాయితాలు, పంచాయతీ ఆఫీసుల పాత పేపర్లు, ఎవరో పారేసిన డాక్టరు పుస్తకం. ఊర్లె ఎవరికి పూనకమొచ్చినా పోయి నాడి పట్టి చూసేటోన్ని. పాడుబడ్డ జిన్నింగు మిల్లుల దయ్యముందంటే అండ్లనే మంచం వేసుకొని మూడు దినాలు పన్న. దోమలు కుట్టినయి, అంతే.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, కింద రాసింది చదివి "ముసలోనికి మతి పోయింది" అని తేల్చేటోళ్లు మస్తుమంది ఉంటరు. మా ఇంట్లనే ఉన్నరు.

పోయినేడు వానకాలంల, హంగరీ దేశం నుంచి ఇల్కా అనే పిల్ల తెలుగు నేర్చుకుంటానికి మా ఇంటికొచ్చింది. ఆదిలాబాద్‌కు దగ్గర్ల పల్లె మాది. వాళ్ల కాలేజీ కట్టుబాటు ఏందంటే, హాస్టల్ల ఉండొద్దు, ఒక ఇంట్ల ఇంటిమనిషి లెక్క ఆరు నెలలు ఉండాలె. హైదరాబాద్‌ల ఆ పని చూసే నా మనుమరాలు మా ఇల్లు చెప్పింది. ఇంట్ల మేము నలుగురం. నేను, నా భార్య రాజవ్వ, కొడుకు మల్లేశ్, కోడలు లత.

పిల్ల మంచిది. పొద్దుగాల లేచి లతతోని వాకిలి ఊడ్చేది. జొన్నరొట్టె కొట్టుడు నేర్చుకునేది.

"గిది రొట్టెనా, మీ దేశం నక్షానా?" అని రాజవ్వ ఎక్కిరిస్తే, "మా దేశం గింత మాడలే అవ్వా" అనేది.

ఆ దినం ఏమేం నేర్చుకున్నదో నోటుబుక్కుల తెలుగుల రాసి, రోజూ సాయంత్రం నాకు చూపేది. నేను ఎర్రపెన్నుతో దిద్దేటోన్ని. ఒకల్లకు మాస్టర్నవుడు నా జన్మల అదే మొదలు. ఉన్నమాట చెప్తున్న, నాకు గర్వంగనే ఉండేది.

మధ్యాహ్నం అన్నం తిని అందరం ఓ కునుకు తీస్తం. ఆ పిల్లకు పగటినిద్ర అలవాటు లేదు. వెనుక పెరట్ల, బోరు కాడ కూసునేది. కొన్నాళ్లకు నోటుబుక్కుల ఒక మాట కనవడ్డది. "వెనుక అవ్వ మోదుగాకులు తెచ్చింది. ఇస్తారాకు కుట్టుడు చూపింది." నేను అక్షరాలు దిద్దిన, అంతే. చేన్ల కలుపు తీయనీకి వచ్చే ఆడోళ్లు మా బోరు కాడికి నీళ్లకొస్తరు, వాళ్లల్ల ఎవరో ముసలామె అనుకున్న. రాజవ్వ గూడ అట్లనే అనుకున్నది. ఇరవై దినాల దాక ఆ వెనుక అవ్వ నోటుబుక్కుల వస్తనే ఉన్నది.

పెత్రమాస వచ్చింది. ఇంట్ల చనిపోయిన పెద్దలకు, పేరు పేరున తలుసుకొని, ఆకులల్ల అన్నం పెట్టే అమాస. మా ఇంట్ల పెట్టేది నలుగురికి. తాత, నాయినమ్మ, బాపు, నన్ను కన్న అవ్వ. లత దుకాణంల తెచ్చిన కాయితం పళ్లాలు తీస్తుంటే, "వద్దక్కా, నేను కుట్టిన" అని ఇల్కా అర్రలకు ఉరికి ఇస్తారాకులు తెచ్చింది. ఐదు తెచ్చింది.

ఒకటి చేతిల పట్టుకున్న. తిరగేసి చూసిన.

ఎవరైనా ఆకును పైనుంచి పుల్లతో గుచ్చుతరు. పుల్ల కొసలు అడుగుకు పోతయి. ఈ ఆకులకు పుల్లలు అడుగునుంచి పైకొచ్చినయి. అట్ల కుట్టే మనిషిని నేను ఒక్కామెనే చూసిన. మా అక్క, లసుమక్క. నాకంటె నాలుగేండ్లు పెద్దది. చిన్నప్పుడు బండి చక్రం కింద పడి ఆమె కుడి బొటనవేలు వంకరపోయింది. పైనుంచి గుచ్చరాక, కింద రెండేళ్ల నడుమ పుల్ల పట్టి పైకి పొడిచేది. "తినేటోళ్ల చేతులకు గుచ్చుతయే" అని అవ్వ తిట్టి, అక్క కుట్టిన ఆకు అక్కకే వేసేది.

"ఐదెందుకు కుట్టినవ్?" అని అడిగిన.

"వెనుక అవ్వ ఐదు అన్నది తాతా."

ఇక నాకు కోపం ఆగలే. ఇంట్ల ఎవరో, దాయాదులు పాలోళ్లల్ల ఎవరో ఈ పిల్లకు నేర్పి నన్ను ఆడిస్తుండ్రనుకున్న. "ఎవరు చెప్పిండ్రు నీకు? చెప్తవా లేదా?" అని గట్టిగ ఒర్లిన. పిల్ల ఏడ్చింది. ఐదో ఆకు అవతల పారేసి, నలుగురికే పెట్టిన. రెండు దినాలకు నా మనుమరాలే వచ్చి ఇల్కాను కరీంనగర్‌ల వేరే ఇంటికి తీస్కపోయింది.

సంగతి దాస్తె లాభం లేదు. మా అక్క మిషన్ బడి పంతులు కొడుకును చేసుకొని, వాళ్ల ఏసు గుడిల కలిసి, ఉట్నూర్ దిక్కు పోయింది. ఆమె పేరు ఈ ఇంట్ల పలుకొద్దని బాపు ఒట్టు పెట్టిండు. రెండేండ్లకు ఏడు నెలల కడుపుతోని వెనుక తలుపు కాడికొచ్చింది. బాపు లోపట్నుంచి నా దిక్కు చూసిండు. నేను పోయి గొళ్లెం పెట్టిన. ఆ నెలల్నే చనిపోయిందని కబురొచ్చింది. ఎవలం పోలే. బాపు పోయినంక ఇంటికి పెద్దను నేనే. అయినా యాభై పెత్రమాసలల్ల ఆమెకు ఒక్క ఆకు వేయలే.

రాజవ్వకు అన్నీ చెప్పిన. "యాభై ఏండ్లు సంసారం చేసిన. నాకు ఆడిబిడ్డ ఉన్నదని ఇయ్యాల తెలిసె" అన్నది. ఇంకేమనలే. అనుంటె బాగుండు.

అంటే ఆ బొటనవేలి సంగతి ఇంట్ల ఎవలకూ తెల్వదు. ఆ వేలును చూసిన పాత పాలోళ్లు ఎవరూ మిగులలే. ఫోటో లేదు. కలుపుకొచ్చే ఆడోళ్లను ఒక్కొక్కల్ని అడిగిన. ముసలామె ఎవరూ లేదన్నరు, ఇస్తారాకు కుట్టుడు తమకు రాదన్నరు. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చనిపోయిందని కబురే గద వచ్చింది, మేము చూసినమా? అక్క బతికే ఉండి, పుట్టింటి వెనుక వచ్చి కూసున్నదేమో! ఆ ఆశతోని ఉట్నూర్ బస్సెక్కిన. అక్కడి నుంచి జీపుల, అక్క ఉన్న లోపటి ఊరికి పోయిన.

వాళ్ల గుడి కాడ ఏలియా అని తొంభైకి దగ్గరపడ్డ మనిషి దొరికిండు. సమాధి చూపిండు. బండ మీద "లసుమక్క" అనే ఉన్నది. పేరు గూడ మార్చుకోలే.

"మీ ఇంటికాన్నుంచి వాపస్ వచ్చినంక పది దినాలు బతికింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేండ్లు. పెట్టె మోసినోళ్లల్ల నేనొకన్ని" అన్నడు. నా మొఖంల మొఖం పెట్టి చూసి, "తమ్మునివా? జర ఆలస్యంగ వచ్చినవ్ పటేలా" అన్నడు.

ఇంటికొచ్చి ఇల్కాకు ఫోన్ చేసిన. ముందు మాఫీ అడిగిన. ఆ తర్వాత, ఆ అవ్వ ఎట్లుండేదో చెప్పమన్న.

"తెల్లజుట్టు. వంగి నడుస్తది. ముక్కు మీ ముక్కే. మీ అక్క అనుకున్న తాతా, అందుకే ఎవరని అడుగలే."

చచ్చినోళ్లు పోయిన వయసుల్నే ఉంటరని, దయ్యాల కథలు చెప్పేటోళ్లు గూడ అంటరు. ఇరవై నాలుగేండ్లకు మట్టిలకు పోయిన మనిషికి తెల్లజుట్టు ఎక్కడిది? నాతోపాటే ముసలిదైందా? ఏ పుస్తకంల ఉన్నది ఇది? ఎవరినడుగాలె?

"లోపటికి రమ్మనలేదా బిడ్డా?" అన్న.

"రోజూ అన్న. ఇంటాయన పిలువాలె అన్నది. మీకు చెప్పిన గద తాతా. మీరు మంచంల ఉండిరి. 'ఎవరైతేంది, నన్ను పండనియ్యి' అన్నరు."

అన్న. నాకు యాదికున్నది. ఎవరో కూలామె మజ్జిగకొచ్చిందనుకొని, కండ్లు గూడ తెరువకుంట అన్న.

మొన్నటి పెత్రమాసకు అక్క పేరే ముందు పలికిన. "వేరే దేవున్ని మొక్కినామెకు మనింట్ల అన్నమెందుకే?" అని పాలోళ్లు లేచిండ్రు. "దేవునికి పెడ్తలేను, మా అక్కకు పెడ్తున్న. ఉంటె ఉండుండ్రి, లేకుంటె పోండ్రి" అన్న. పోయిండ్రు.

ఇంట్ల ఇస్తారాకు కుట్టేటోళ్లు లేరు. స్టీలు పళ్లెంల వడ్డించి, నేనే పెరట్లకు పోయి, ఊరంత ఇనేటట్టు "లసుమక్కా, లోపటికి రా" అని పిలిచిన. ఒక్కసారి గాదు. బోరు కాడ ఎవరూ లేరు. అన్నం సల్లారింది. ఆఖరికి రాజవ్వ వచ్చి నా రెక్క పట్టుకొని లోపటికి తీస్కపోయింది.

అక్క రాలేదా, వచ్చినా నాకు కనవడొద్దనుకున్నదా, నాకు తెల్వదు.