రాజమండ్రి నుంచి అరగంట

ఉదయం ఆరుంపావుకి నాన్న నా పాత స్కూలు అట్లాసు మీద తెల్లదారం పరిచాడు. అంతకు పావుగంట ముందే పక్కగదిలో వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, పోయింది.

నాన్న అనకాపల్లిలో టైలరు. ఏ ఊరు ఎంత దూరమో బస్సువాళ్ళని అడగడం ఆయనకు నామోషీ. మ్యాపు మీద దారం పెట్టి, దాన్ని స్కేలుకి ఆనించి తనే తేల్చేవాడు. ఆ రోజు తేల్చాల్సింది ఒక్కటే. రాజమండ్రిలో ఉన్న మా అత్త, ఆయన ఒక్కగానొక్క చెల్లెలు, తల్లి ముఖం చూడటానికి ఎప్పటికి రాగలదు? రాజమండ్రిలో ఎయిర్‌పోర్టు ఉంది, మా పక్కనున్న విశాఖపట్నంలోనూ ఉంది. మధ్య నూట అరవై కిలోమీటర్లు. విమానానికి అరగంట.

ఫోను తీశాడు.

"ట్రైనెక్కకే. తుని కాడ గంట నిలబెట్టేత్తారు. ఇమానమెక్కు."

"నానెప్పుడూ ఎక్కనేదు అన్నియ్యా. బయమేత్తాంది."

"అరగంటేనే. కళ్ళు మూసి తెరిసీసరికి దిగిపోతావు."

అత్త నమ్మింది. పెళ్ళి జాకెట్టు దగ్గర్నుంచి ఆయన కొలత ఆమెకు ఎప్పుడూ తప్పలేదు. నాన్న ధీమాగా పాస్టరుగారితో పన్నెండుకి సమాధి అని చెప్పేశాడు.

తొమ్మిదిన్నరకి అత్తే ఫోను చేసింది.

"అన్నియ్యా, ఈళ్ళు నవ్వుతన్నారు. ఇక్కణ్ణుంచి వైజాగుకి ఇమానమే నేదట. హైదరాబాదెళ్ళి, అక్కడ ఇంకోటి ఎక్కాలట."

"పక్కనున్న ఊరికి హైదరాబాదెందుకే?"

"అదే నానూ అడిగేను. అందుకే నవ్వుతన్నారు."

రెండు బస్టాండ్లుంటే మధ్యలో బస్సుంటుంది. ఎయిర్‌పోర్టులూ అంతేననుకున్నాం, నాతో సహా. గుడ్డ తెచ్చారా అని అడక్కుండా టేపు తీయని మనిషి, విమానం ఉందా అని అడక్కుండా టైము తేల్చేశాడు. అత్త మళ్ళీ ఊళ్ళోకి వచ్చి ట్రైనే ఎక్కాలి.

పన్నెండుకి జనం వచ్చేశారు. ఒంటిగంటకి ప్రార్థనలు అయిపోయాయి. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు.

"మూడు దాటితే నావల్ల కాదు బ్రదర్. కశింకోటలో పెళ్ళుంది."

శవపెట్టె చేసిన వడ్రంగి సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. "మావా, మేకులు కొట్టీమంటావా?"

"నా నెత్తిన కొట్టు" అని నాన్న మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తర్వాత దాదాపు రెండు గంటలు ఆ చెయ్యి తియ్యలేదు.

మేం పాడుతూనే ఉన్నాం. పుస్తకంలో సమాధి పాటలు అయిపోయాయి. ఎవరో పేజీ తిప్పి పెళ్ళి పాట ఎత్తుకున్నారు. పాస్టరుగారికి సాయంత్రం ఎలాగూ అవే కావాలి. నాయనమ్మా ఆక్షేపించలేదు.

మూడుకి పది నిమిషాలుందనగా షేరాటో ఆగింది. నాన్న లేచి మూత తీశాడు. అత్త తల్లి ముఖం చూసింది, నుదుటిమీద చెయ్యి పెట్టి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నగారి వైపు తిరిగింది.

"ఏదీ, ఆ దారం?"

నాన్న జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని నాయనమ్మ చేతి పక్కన పెట్టింది.

"అమ్మతో పంపీ. ఇంకెవుల్నీ కొలవకు."

నాన్న మూత వేశాడు. వడ్రంగి మేకులు కొట్టాడు.

ఇప్పుడు నాన్న కూడా లేడు. ఆయన పోయిన రోజు సమాధి ఎన్నింటికని అందరూ అడిగారు. అప్పటికి అత్త ఇంకా దారిలో ఉంది. ఆఖరి మనిషి గుమ్మం ఎక్కేదాకా మా ఇంట్లో సమాధి వేళ ఎవరికీ చెప్పం.