జర్మనీ వెళ్ళిన ర్యాంకు బిస్కట్టు

ఆ రోజుల్లో విజయవాడలో ఏ సరుకు అమ్ముడుపోవాలన్నా దాని మీద చదువు వాసన కాస్త తగిలితే చాలు. కోచింగ్ కాలేజీల హాస్టళ్ళ చుట్టూ ర్యాంకు టిఫిన్ సెంటర్లు, ర్యాంకు జిరాక్సులు, ఆఖరికి ర్యాంకు హెయిర్ కటింగ్ షాపు కూడా ఉండేవి (అక్కడ నెలనెలా క్రాపు చేయించుకున్న మా పెదనాన్న కొడుక్కి క్రాపు తప్ప ఏమీ రాలేదు). అలాంటి ఊళ్ళో ర్యాంకు బిస్కట్టు పుట్టడం వింతేమీ కాదు. అట్ట మీద పుస్తకం పట్టుకున్న కుర్రాడి బొమ్మ, కింద 'జ్ఞాపకశక్తిని పెంచును' అన్న మాట. పరీక్షల ముందు తల్లిదండ్రులు డజన్లకొద్దీ కొని హాస్టల్ గేటు దగ్గర పిల్లల చేతుల్లో పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఆ బిస్కట్టు తయారయ్యేది ఊరి పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో, హాజీ గారి ఫ్యాక్టరీలో. పామర్రు నుంచి వచ్చి విజయవాడలో మా పిన్ని ఇంట్లో ఉంటూ, కెమిస్ట్రీ డిగ్రీ చేత పట్టుకుని నేను చేరింది అక్కడే. ఇంటర్వ్యూలో హాజీ గారు కెమిస్ట్రీ అడగలేదు. "ఇంగ్లీషు మాట్లాడతావామ్మా?" అన్నారు. మాట్లాడతానన్నాను. "ఎవరితో?" అన్నారు. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. అయినా ఉద్యోగం ఇచ్చేశారు. ఎందుకంటే ఆయన మిత్రుడొకాయన చేతిలో మా బిస్కట్టు జర్మనీ దాకా వెళ్ళి, అక్కడ సరుకులమ్మే ఒక కంపెనీ వాళ్ళకి ఆ యాలకుల రుచి తెగ నచ్చిందట. కొంటాం గానీ మా దేశపు నిబంధనలకి ఒప్పుకోవాలంటూ రోజూ ఫ్యాక్సులు వస్తున్నాయి. వాటిని చదివి చెప్పడమే నా పని.

ఏయే దినుసులున్నాయో అన్నీ వాళ్ళ భాషలో అట్ట మీద వెయ్యాలన్నారు. హాజీ గారు సరేనన్నారు. పసుపు రంగు కలపొద్దన్నారు. ఆయన ఒకపూట బాధపడి సరేనన్నారు. కొందరికి పాలు, గోధుమ పడవు కాబట్టి ఆ పేర్లు లావు అక్షరాల్లో ఉండాలన్నారు. "పాలు పడని మనుషులుంటారా?" అని ఆశ్చర్యపోయి దానికీ తల ఊపారు. చివరికి జ్ఞాపకశక్తి మాట తీసెయ్యమన్నారు. అక్కడ మాత్రం మొండికేశారు.

"ఆ మాటదేముంది హాజీ గారూ, తీసేద్దామండి. రుజువు లేకుండా అలా రాస్తే వాళ్ళ చట్టం ఒప్పుకోదట."

"రుజువు లేదని ఎవరన్నారు? మా బావమరిదిని చూడమ్మా. పదో తరగతి మూడుసార్లు తప్పాడు. మన బిస్కట్లు తిన్నాక గట్టెక్కాడు."

ఆ బావమరిదిని ఫ్యాక్టరీలో అందరూ మామూ అనే పిలిచేవాళ్ళం. పిండి కలిపే చోట పెత్తనం ఆయనదే. స్కూటర్ మీద బందరు రోడ్డుకి వెళ్ళి, సిటీ బస్సులో తిరిగొచ్చి, స్కూటర్ పోయిందని అందర్నీ నిలదీసిన మనిషి. ఆయన్ని రుజువుగా నిలబెడతారని తెలిసి నేను ఆపాలి కదా. ఆపలేదు. పైగా చూడాలని ముచ్చటపడ్డాను.

కంపెనీ తరఫున జర్మనీ నుంచి ఒకావిడ ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చింది. ఎండకి టమాటాలా ఎర్రబడిపోయి, చెమటలు తుడుచుకుంటూనే అన్నీ శ్రద్ధగా చూసింది. టీ తాగాక జ్ఞాపకశక్తి సంగతి ఎత్తింది. హాజీ గారు మామూని ముందుకి తోసి, "ఏదైనా అడగమనమ్మా" అన్నారు. ఆవిడ నవ్వి, ఈ బిస్కట్టులో ఏమేం పడతాయో చెప్పమంది.

మామూ కళ్ళు మూసుకుని పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. మైదా, పంచదార, డాల్డా, పాలపొడి, యాలకులు, ఉప్పు. నేను ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాను. హాజీ గారి మొహం వెలిగిపోతోంది. అక్కడితో ఆగితే బాగుండేది. మామూ ఊపు మీదున్నాడు.

"ఆ పైన మనం చేసే ఇంకో రకం, జీడిపప్పు బిస్కట్లు, ముందురోజు విరిగిపోయినవి ఉంటాయి కదా, అవి మెత్తగా దంచి పిండిలో కలిపేస్తాం. ఆ కమ్మదనం దాందే."

నా ఇంగ్లీషు ఆగిపోయింది. జీడిపప్పు మాట మేం ఎక్కడా రాయలేదు. ఆ ముక్క మింగేసి ఊరుకుందామా అని అటూ ఇటూ చూస్తున్నాను. ఈలోగా మామూ కళ్ళు తెరిచి, ఆవిడకి అర్థం కాలేదనుకుని, రెండు చేతులతో రోకలి పట్టుకున్నట్టు గాలిలో దంచడం మొదలుపెట్టాడు. "ఏం దంచుతున్నాడాయన?" అని ఆవిడ నన్నడిగింది. నేను హాజీ గారి వైపు చూశాను.

"చెప్పమ్మా, ఉన్నదేగా," అన్నారాయన. చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. జీడిపప్పు పడని పిల్లలుంటారనీ, తెలియక తింటే గొంతు వాచి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుందనీ మెల్లగా చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే హాజీ గారి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. "నేను దాన్ని దినుసు అనుకోలేదమ్మా, పొదుపు అనుకున్నాను," అన్నారు. కప్పు కింద పెట్టి, "అన్నిటికన్నా లావుగా జీడిపప్పు పేరు వెయ్యి. ఇక్కడి అట్ట మీద కూడా వేయించు," అన్నారు.

వెళ్ళే ముందు ఆవిడ మామూకి చెయ్యిచ్చి, ఈయన జ్ఞాపకశక్తి నిజంగా గొప్పదే, కానీ అట్ట మీద మాత్రం ఆ మాట వద్దంది. చదువుకునే కుర్రాడి బొమ్మ కూడా అదే అర్థం ఇస్తుంది కాబట్టి అదీ వద్దంది. "అయితే పుస్తకం మీద పడుకుని నిద్రపోతున్న కుర్రాణ్ణి వేద్దాం, హాస్టల్లో జరిగేది అదేగా," అన్నాడు మామూ, తల వాల్చి చూపిస్తూ. ఆ మాట నేను అనువాదం చెయ్యకపోయినా అందరం నవ్వుకున్నాం.

మొదటి లోడు మద్రాసు హార్బరుకి బయల్దేరిన రోజు హాజీ గారు లారీ పక్కన నిలబడి కొత్త అట్టని తిప్పి తిప్పి చూసుకున్నారు. బొమ్మ లేదు, జ్ఞాపకశక్తి లేదు, ఒక్క ముక్క అర్థం కాని భాష. "ఇందులో మనదేముందమ్మా?" అన్నారు. "లోపలుందండి," అన్నాను. ఆయన ఒక బిస్కట్టు కొరికి, నమిలి, లారీని పోనివ్వమన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పటికీ నా కళ్ళకి కనిపిస్తుంది. చున్నీ సర్దుకుని, పక్కావిడ టైమెంతని అడిగితే కూడా ఇంగ్లీషులో జవాబిచ్చింది. జర్మనీ పిల్లలందరి ప్రాణాలూ తన చేతిలోనే ఉన్నాయన్నంత గంభీరంగా ఉంది మొహం. ఆ గాంభీర్యంలోనే దిగాల్సిన స్టాపు దాటిపోయి, తిరిగి నడిచి వచ్చింది. ఆ నడక గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ మొహం మాత్రం ఒక్కరోజుకి మళ్ళీ తెచ్చుకోవాలనిపిస్తుంది.