శివనగర్ ఇంటికి రెండో లైన్

వర్ధన్నపేట నుంచి మొదటి బస్సుకు వచ్చిన చిలుకమ్మ, రాంచందర్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"సారూ, మొన్న పొద్దుగాల నీకు ఫోన్ జేసి నా పింఛన్ నంబర్ చెప్పిన. ఇంకెవ్వలకు చెప్పలే. మాపటికి ఎవడో ఫోన్ జేసిండు. నా పేరు చెప్పిండు, నా పెనిమిటి పేరు చెప్పిండు, ఆ నంబర్ గుడ తప్పు లేకుంట చదివిండు. సెల్లుకు మెసేజ్ అచ్చింది, అండ్ల అంకెలు చెప్పుమన్నడు. వానికెట్ల తెల్సింది సారూ?"

ఆమెకు చదువు రాదు. మెసేజ్ చదివి పెట్టే మనిషి ఆ వేళకు ఇంట్లో లేక ఫోన్ పెట్టేసింది. అందుకే బ్యాంకులో ఉన్నది ఉన్నట్టు మిగిలింది.

ఆ నెలలో ఇలా వచ్చి రాంచందర్‌ను నిలదీసిన మూడో మనిషి ఆమె.

ఆయన డోర్నకల్‌లో రైల్వే గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పింఛన్ల కాగితాలే చూశాడు. రిటైరయ్యాక వరంగల్ స్టేషన్ వెనక శివనగర్‌లో ఇల్లు కట్టుకుని, ముందు గదిలో బల్ల వేసుకున్నాడు. గ్యాంగ్‌మన్‌ల భార్యలు, పాయింట్స్‌మన్‌లు, వాళ్ల పిల్లలు ఆగిపోయిన పింఛన్ల కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు. వరండాలో కిటికీ కింద ఒక బెంచీ ఉండేది. ఎప్పుడు చూసినా దాని మీద ఇద్దరు ముగ్గురు కూర్చునే ఉండేవాళ్లు. రాలేని ముసలివాళ్లు లాండ్‌లైన్‌కు ఫోన్ చేసేవాళ్లు. ఆ నంబర్ వాళ్లందరికీ నోటికి వచ్చు.

చిలుకమ్మ వెళ్లిపోయాక ఆయన చూపు ఆ ఫోన్ మీదే ఆగిపోయింది. దాని వైరు గోడ వెంబడి లోపలి గదిలోకి పోయి, అక్కడ ఇంకో ఫోన్‌కు కలుస్తుంది. అది కోడలు సుకన్య గది. సుకన్య జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది, ఆమె గిరాకీలు కూడా ఇదే నంబర్‌కు ఫోన్ చేస్తారు. తాను మాట్లాడుతుండగా మధ్యలో 'టిక్'మని చప్పుడు రావడం ఆయన చాలాసార్లు విన్నాడు. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

ఇప్పుడు పట్టించుకున్నాడు. ఎవరితో మాట్లాడినప్పుడు టిక్ వచ్చింది, అప్పుడు సుకన్య ఎక్కడుంది, ఆ తర్వాత సెల్ తీసుకుని డాబా మీదికి ఎందుకు పోయింది అని చూడసాగాడు. ఆమె ఫోన్ ముట్టుకుంటే చాలు, ఆయన కళ్లు గోడ గడియారం మీదికి పోయేవి. మూడు నెలల కింద ఆమె అన్న మాట కూడా గుర్తుకొచ్చింది. "మామా, రెండు లైన్ల కార్డ్‌లెస్ తెచ్చుకుందాం. మీ ఫోన్లు మీకు, నా ఫోన్లు నాకు." అప్పుడు వద్దన్నాడు. ఇప్పుడు ఆ కోరిక వెనక ఏముందోనని గుబులు పట్టుకుంది. కొడుకుకు చెప్పలేడు. భార్య సుగుణకు అసలే చెప్పలేడు.

చివరికి ఒక్కడే ఆటో ఎక్కి హన్మకొండ చౌరస్తాకు పోయాడు. ఫోన్ల దుకాణం అరుణ అనే ఆవిడది. ఆమె ఒక పెట్టె విప్పి చూపించింది.

"ఇగో సార్, రెండు లైన్ల వైర్లు ఈ బేస్‌కే వస్తయి. హ్యాండ్‌సెట్లు రెండు. ఏ సెట్టు నుంచైనా ఏ లైనైనా ఎత్తొచ్చు."

"అంటే, నేను మాట్లాడంగ ఇంకొకలు ఎత్తి వినొచ్చా?"

"కలవొచ్చు. కలిస్తే బీప్ వస్తది. వద్దనుకుంటే ఈడ లాక్ పెట్టుకోండి, ఎవ్వలూ కలవలేరు."

"ఆ బీప్‌ను బంద్ చేసుకోవచ్చునా?"

"దీంట్ల రాదు సార్."

"పక్కింటోళ్ల రేడియోల వినబడుతదా?"

"పాతకాలం వాటిల వినబడేదంట. ఇవి గట్ల కాదు."

ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. మూత మీద టేపు రెండు పొరలుగా ఉంది. ఇంతకుముందు ఎవరు విప్పారు, ఎందుకు వాపసు ఇచ్చారు అని ఆరా తీశాడు. అరుణకు నవ్వొచ్చింది.

"సార్, మీకు ఫోన్ కావాల్నా, తాళం కావాల్నా? నేనే విప్పి చూపిస్త అందరికి. నాలుగు దినాలు ఇంట్ల పెట్టుకోండి, నచ్చకుంటే వాపస్ తేండి."

రెండో లైన్ వేయించి, సెట్టు బిగించిన రోజు సుకన్య సంబరపడింది. ఆ సంబరం కూడా ఆయనకు ఎక్కువగానే తోచింది. మర్నాడే వల పన్నాడు. కాజీపేటలో ఉండే పాత జోడీదారు కిషన్ రావుకు ముందే చెప్పి పెట్టుకున్నాడు. పదకొండు గంటలకు కిషన్ రావు ఒకటో లైన్‌కు ఫోన్ చేసి, లోకంలో లేని మొగిలమ్మ అనే విధవరాలి పేరు, ఒక దొంగ పింఛన్ నంబర్, ఆమె సెల్ నంబర్ అంటూ తన రెండో సెల్ నంబర్ చెప్పాడు. రాంచందర్ ఆఫీసు అలవాటు కొద్దీ పేరునూ, ఒక్కో అంకెనూ తిరిగి చదివాడు. లాక్ కావాలనే పెట్టలేదు. చెవి రిక్కించి బీప్ కోసం చూశాడు.

బీప్ రాలేదు. సాయంత్రం నాలుగున్నరకు మాత్రం కిషన్ రావు ఫోన్ వచ్చింది.

"రాంచందర్, వచ్చిందయ్యా! మొగిలమ్మ ఉందా అని అడిగిండు ఎవడో!"

రాంచందర్ నేరుగా లోపలికి పోయాడు. "పదకొండు గంటలప్పుడు సుకన్య ఏడున్నది?" అని సుగుణను అడిగాడు.

"చౌరస్తల జరీ దారానికి పోయింది. పన్నెండు దాటినంక అచ్చింది. ఏం, ఎందుకు?"

ఆయన మంచం మీద కూలబడి జరిగింది చెప్పాడు. సుగుణ చేతిలో పని ఆపి విన్నది.

"ఆ మొగిలమ్మ నంబర్ నేను చెప్తా విను," అంది. పొద్దున వంటింట్లో కూర కలుపుతూ విన్న అంకెలను వరసగా ఐదారు చెప్పేసింది. "నీకు చెవులు మందమై రెండేండ్లాయె. రైలుబండి పోతాంటే మాట్లాడినట్టు ఒర్రుతవు. నాకే ఇంత మంచిగ వినబడితే, కిటికి కింద కూసున్నోళ్లకు వినబడదా? నువ్వేమో ఇంట్ల పిల్లను అనుమానపడ్డవు!"

ఆ రోజు పదకొండింటికి బెంచీ మీద ఉన్నది రాజమౌళి ఒక్కడే. నలభై ఏళ్లుంటాయి. తండ్రి పింఛన్ అంటూ రెండు నెలలుగా వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక కాగితం మరిచిపోతాడు, మళ్లీ వస్తానంటాడు, అయినా మధ్యాహ్నం దాకా సెల్ చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుంటాడు.

మూడో రోజు వాడు వచ్చినప్పుడు రాంచందర్ లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"మీ నాయన ఏ స్టేషన్ల రిటైరైండన్నవ్?"

"కాజీపేట సార్."

"కాయితంల డోర్నకల్ ఉన్నది గదా. డోర్నకల్‌ల అయితే నాకు తెల్వని మనిషి ఉండడు."

రాజమౌళి నవ్వబోయి ఆగాడు. "జర ఆగుండ్రి సార్, అమ్మను అడిగి చెప్త," అని సెల్ చెవికి పెట్టుకుని వరండాలోకి నడిచాడు. గేటు దాటాక అడుగుల వేగం పెరిగింది. మళ్లీ రాలేదు. వదిలేసిపోయిన ఫైలులో వేరే ఎవరివో జిరాక్స్ కాగితాలున్నాయి. రాంచందర్ వాటిని పోలీసుల దగ్గరికి తీసుకుపోయి, ఉన్నదంతా రాసిచ్చాడు. వాడు దొరికాడన్న కబురు ఇంతవరకు రాలేదు. ఆ ఫోన్లు మాత్రం ఆగిపోయాయి.

బెంచీని వరండా నుంచి తీయించి గేటు పక్కన వేయించాడు. తనకు నంబర్లు చెప్పిన వాళ్లందరికీ తానే ఫోన్ చేశాడు. తప్పు తన గొంతుదేనని దాచకుండా చెప్పాడు. చిలుకమ్మ అంతా విని, "మంచిదే సారూ. ఇంగ నేనే బస్సెక్కి అస్త, ఫోన్ల చెప్ప," అంది.

అన్నిటికంటే కష్టమైన మాట ఇంట్లోనే మిగిలింది. ఒక మధ్యాహ్నం సుకన్య మగ్గం ముందు కూర్చుని ఉండగా గుమ్మం దగ్గరికి పోయాడు.

"నిన్ను అనుమానపడ్డ బిడ్డా."

ఆమె సూది ఆపలేదు. "నాకెర్కే మామా. నేను ఫోన్ ముట్టుకుంటే మీరు గడియారం చూసుడు నాకు కనబడదా? ఫోన్ ఎత్తినప్పుడల్లా మీరు మాట్లాడుతాండ్రని పెట్టేసి, సెల్ పట్టుకొని డాబా ఎక్కిన. ఒక్క మాట అడుగుతే అయిపోవు."

"సెట్టు వాపస్ ఇచ్చేద్దామా?" అన్నాడు.

"ఎందుకు? నాకు పనికొస్తది. నా లైనుకు లాక్ పెట్టుండ్రి."

తనే దగ్గరుండి లాక్ పెట్టించుకుంది. పది పన్నెండు రోజుల దాకా ఇద్దరి మధ్య అన్నం తిన్నరా, చాయ్ పెట్టాల్నా అన్నంతవరకే మాటలు నడిచాయి. ఆయన కూడా తొందరపడలేదు. ఆ లోపల దవాఖానకు పోయి చెవులు చూపించుకున్నాడు. కుడి చెవికి మిషన్ పెట్టారు. మొదటి రోజు ఫ్యాన్ చప్పుడుకే ఉలిక్కిపడ్డాడు.

ఒక ఆదివారం సుకన్య ముందు గదిలో ఒక పెళ్లికూతురికి కొలతలు తీస్తోంది. నోట్లో గుండుసూదులు, చేతిలో టేపు. రెండో లైన్, ఆమెది, మోగింది. ఆయన తన బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

సుకన్య నోట్లోంచి సూదులు తీసి, "మామా, జర అది ఎత్తుండ్రి," అంది.

రాంచందర్ ఆమె వైపు ఒకసారి చూసి ఎత్తాడు. అవతల ఎవరో కాశిబుగ్గ ఆవిడ జాకెట్టు శుక్రవారానికి అవుతుందా అని అడుగుతోంది. ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా, కోడలికి మాత్రమే వినిపించేటంత గొంతుతో అడిగాడు.

"శుక్రవారం అంటాంది. ఏమని చెప్పాలె?"